తేయాకు రుచులు – ఇంటింటి పరీక్ష

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. అయితే మన ఇండ్లలో టీ విషయం వచ్చేసరికి జిహ్వకు ఆ స్వాతంత్ర్యం దక్కడం లేదు. అంగడివాడు ఏ పొట్లం ఇస్తే అది తెచ్చుకొని, పాలలో వేసి నల్లబడేదాకా మరిగించి, చక్కెర దండిగా పోసి త్రాగడమే అలవాటైపోయింది. అటువంటి పానీయంలో పాల రుచి ఉంటుంది, చక్కెర రుచి ఉంటుంది, అల్లం ఘాటు ఉంటుంది. తేయాకు రుచి మాత్రం ఎక్కడున్నదో వెదుక్కోవలసిందే.

మేము కోయంబత్తూరులో కాపురమున్న తెలుగువారము. మెట్టుపాళెం దాటి కొండ ఎక్కితే కూనూరు. అక్కడ ఎటు చూచినా తేయాకు తోటలే. అంత దగ్గరలో పండే పంట రుచి ఎట్లా ఉంటుందో తెలిసికోవాలనే కుతూహలం మాకు చాలాకాలంగా ఉన్నది. దానికి తోడు మరొక కారణం గూడ కలిసి వచ్చింది. మా ఇల్లాలికి రక్తం తక్కువగా ఉన్నదని డాక్టరుగారు చెప్పి, భోజనంతోబాటు చిక్కని టీ త్రాగే అలవాటు మానమన్నారు. టీని బొత్తిగా విడిచిపెట్టడం ఆమెకు ఇష్టం లేదు. పలుచని టీలో గూడ మనసుకు నచ్చే రుచి దొరుకుతుందా, దొరికితే ఏ ఆకులో దొరుకుతుంది, ఏ వేళకు త్రాగవచ్చు అన్న ప్రశ్నలతో ఇంటిల్లిపాదీ పరీక్షకు దిగాము. మూడు ఆదివారాలు పట్టిన ఆ పనిలో తెలిసిన సంగతులు మన మాసపత్రిక పాఠకులకు ఉపయోగపడగలవని ఇక్కడ వ్రాస్తున్నాము.

పేరులో రెండు దారులు

ముందుగా పేరు సంగతి. చీనా దేశపు తీరంలో ఫూకియన్ ప్రాంతంవారు దీనిని ‘తె’ అంటారు. డచ్చి వర్తకులు ఓడలమీద ఆ మాటను పడమటి దేశాలకు తీసికొనిపోయారు. అదే ఇంగ్లీషులో ‘టీ’ అయింది. చీనాలో తక్కిన చాలా ప్రాంతాలలో దీని పేరు ‘చా’. మెట్టదారిన పారశీకం మీదుగా మన దేశానికి వచ్చిన మాట అది. ‘చాయ్’ అని హైదరాబాదువారు, ‘చాయ’ అని మలయాళీలు అనేది దానినే. మనము ‘తే’కు ఆకు చేర్చి తేయాకు అన్నాము, మన ఇరుగుపొరుగు తమిళులు ‘తే’కు ఇలై చేర్చి తేయిలై అన్నారు. రెండు భాషలు మాట్లాడే మావంటివారికి ఈ పోలిక చూస్తే ముచ్చటగా ఉంటుంది. ఒకే మాటను అక్కచెల్లెండ్రు ఇద్దరు పంచుకొని, ఎవరి పద్ధతిలో వారు ముడి వేసికొన్నట్లున్నది.

ఒకటే మొక్క

నల్ల టీ, పచ్చ టీ, డార్జిలింగు టీ, అస్సాము టీ అని విన్నప్పుడు ఇవన్నీ వేరువేరు మొక్కలని చాలామంది అనుకొంటారు. అది నిజం కాదు. అన్నీ కెమీలియా సైనెన్సిస్ అనే ఒక్క మొక్కవే. అందులో చిన్న ఆకుల చీనా రకం ఒకటి, పెద్ద ఆకుల అస్సాము రకం ఒకటి. అస్సాములో ఈ చెట్టు సహజంగానే పెరుగుతున్నదని 1823లో రాబర్టు బ్రూస్ అనే స్కాట్లండు వర్తకుడు తెలిసికొన్నాడు. అక్కడి సింగ్‌ఫో జాతివారికి అంతకు ముందే దాని వాడుక తెలుసు. అస్సాము టీ 1839లో లండను వేలంలో మొదటిసారి అమ్ముడయింది. డార్జిలింగులో డాక్టరు క్యాంబెల్ 1841లో తేయాకు విత్తనాలు నాటాడు. మా నీలగిరులలో ఊటీ దగ్గరి కేతి వద్ద 1835లోనే ప్రయోగంగా మొక్కలు పెట్టారు. వ్యాపారానికి తగిన తోటలు మరి పాతిక సంవత్సరాలకు గాని రాలేదు.

ఈ చరిత్రలో మన తెలుగువారి చెమట గూడ ఉన్నది. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుండి ఎన్నో కుటుంబాలు కూలీలుగా అస్సాము తోటలకు వెళ్ళాయి. వారి సంతతివారు నేటికీ అక్కడ ఉన్నారు. మనవలె పరరాష్ట్రంలో స్థిరపడిన తెలుగువారే వారున్నూ. కప్పు చేతికి తీసికొన్నప్పుడు వారిని ఒక్కసారి తలచుకోవడం ధర్మం.

ఆకు టీగా మారే విధము

కొమ్మ చివరి రెండు ఆకులు, ఒక మొగ్గ – ఇంతవరకే గిల్లితే మంచి టీ వస్తుంది. నాలుగో ఆకు, అయిదో ఆకు కలిసినకొద్దీ రుచి మొద్దుబారుతుంది. గిల్లిన ఆకును పరచి వాడనిస్తారు, తరువాత నలుపుతారు. నలిగిన ఆకు గాలి తగిలి రాగిరంగుకు తిరుగుతుంది. వంకాయ తరిగి నీళ్ళలో వేయకుండా ఉంచితే నల్లబడుతుంది గదా, అదే మార్పు ఇక్కడ జరిగేదిన్నీ. తగిన సమయానికి వేడిగాలితో ఆరబెడితే నల్ల టీ సిద్ధం. పచ్చ టీకి మొదటనే ఆకును ఆవిరితోగాని పెనంమీదగాని వేడి చేస్తారు. దానితో ఆ మార్పు ఆగిపోయి ఆకు పచ్చగానే ఉంటుంది.

ఆకును మెలిపెట్టి పొడుగ్గా ఉంచేది పాత పద్ధతి. దానిని ఆర్థొడాక్స్ అంటారు. 1930 ప్రాంతంలో అస్సాములో మరొక యంత్రం వచ్చింది. పండ్లున్న రోలర్ల మధ్య ఆకును చితకగొట్టి, చీల్చి, చిన్న గుండ్లుగా చుట్టడం దాని పని. ఆ మూడు పనుల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలే సీటీసీ. ఇవాళ మన దేశంలో తయారయ్యే టీలో హెచ్చుభాగం ఇదే. రంగు త్వరగా దిగుతుంది, పాలకు నిలుస్తుంది, కొద్ది పొడికి ఎక్కువ కప్పులు వస్తాయి. హోటలువారికి ఇంతకన్న ఏమి కావాలి?

పొట్లాలమీద ‘ఆరంజ్ పెకో’ అని కనబడితే నారింజ వాసన ఉంటుందని ఎదురుచూడవద్దు. ఆ పండుకూ దీనికీ సంబంధం లేదు. అది ఆకు పరిమాణాన్ని తెలిపే పేరు మాత్రమే. పెద్ద ఆకు మొదలుకొని, విరిగిన ఆకు, నూక, చివరికి డస్టు అనే పొడి దాకా జల్లెడ పట్టి వేరుచేస్తారు.

పరీక్ష ఎట్లా చేశాము

టీ రుచి చూచేవారి కోసం అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఒక పద్ధతి నిర్ణయించింది. ప్రతి 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల ఆకు, మరుగుతున్న నీళ్ళు, 6 నిమిషాలు. అన్ని రకాలకూ ఒకటే కొలత, ఒకటే కాలం. అప్పుడే పోల్చడానికి వీలవుతుంది. మేము కొలత అదే ఉంచి, ఇంటివారి నాలుకలను ఉద్దేశించి కాలాన్ని 4 నిమిషాలకు తగ్గించాము. తెల్ల పింగాణీ కప్పులు, చిన్న త్రాసు, గడియారం – సరంజామా అంతే. ఏ కప్పులో ఏది ఉన్నదో మా అమ్మాయి ఒక్కతెకే తెలిసేట్లు కప్పుల క్రింద అంకెలు వేసిన చీటీలు పెట్టాము. పేరు చూచి రుచి చెప్పే గుణం మనుష్యులలో ఉన్నది. చీటీలు దానికి విరుగుడు.

మొదటి గుక్క పాలు, చక్కెర లేకుండానే. చెంచాతో తీసికొని గట్టిగా జుర్రాలి. జుర్రితే ఆవిరి ముక్కుకు ఎక్కి వాసన తెలుస్తుంది. మా అమ్మగారు ఇది పద్ధతిగల ఇంట్లో చేసే పని కాదన్నారు గాని, రెండో కప్పునుండి అందరికంటె ఆమే బిగ్గరగా జుర్రారు. ఒక కప్పుకూ మరొక కప్పుకూ మధ్య నాలుగు బొరుగులు, ఒక గుక్క మంచినీళ్ళు. ఒక పూటకు మూడు రకాలకు మించకూడదు, నాలుక అలసిపోతుంది.

ఏది ఎట్లా ఉన్నది

అస్సాము సీటీసీ: రెండు నిమిషాలకే ఎర్రగా దిగింది. పాలు లేకుండా త్రాగితే నోరు పిడచగట్టినట్లయింది. పాలు పోయగానే పెంకెపిల్లవాడు తాతగారి ముందు కూర్చున్నట్లు నెమ్మదించింది. పాలలోని కేసీను అనే పదార్థం టీలోని వగరును పట్టుకొని అణచడమే దీనికి కారణం. పాల టీకి దీనిని మించినది లేదని మా అమ్మగారి తీర్పు, మేమున్నూ ఒప్పుకొన్నాము.

అస్సాము ఆర్థొడాక్స్: ఇది పొడుగాటి ఆకు, మధ్య మధ్య బంగారు రంగు మొగ్గలు. మొలకెత్తించి వేయించిన రాగిపిండి వాసన వచ్చింది. నిండైన రుచి. చల్లారితే కొంచెం మసకబారుతుంది. అది లోపం కాదు, సత్తువకు గుర్తు.

డార్జిలింగు: మార్చి, ఏప్రిల్ నెలల మొదటి కాపు ఆకు లేత గడ్డిరంగులో దిగింది. ‘ఇది టీయేనా, పూలు నానబెట్టిన నీళ్ళా?’ అని మా ఇల్లాలు అడిగారు. మే, జూన్ నెలల రెండో కాపు రంగు చిక్కన. మగ్గిన ద్రాక్ష వాసన ఉన్నది. ఈ రెండింటిలోనూ పాలు పోయడం అన్యాయం. మన దేశంలో భౌగోళిక గుర్తింపు మొదట పొందిన సరకు డార్జిలింగు టీయే. అది 2004 నాటి సంగతి.

నీలగిరి ఆర్థొడాక్స్: ఎర్రని, తేటయైన రంగు, అద్దంవలె అడుగు కనబడింది. వగరు తక్కువ, వాసన ఎక్కువ. చల్లారినా మసకబారలేదు. అందుచేత ఎండాకాలంలో నిమ్మరసం, మంచు వేసి త్రాగడానికి ఇది ప్రశస్తం. నిమ్మరసం పడగానే రంగు తేలిపోతే కంగారుపడవద్దు. పులుపుకు టీ రంగు తగ్గడం సహజం. డిసెంబరు మొదలు ఫిబ్రవరి దాకా కొండమీద చలికి ఆకు మెల్లగా పెరుగుతుంది. ఆ రోజులలో గిల్లిన ఆకుకు పరిమళం మరింత హెచ్చు. చీటీలు విప్పి చూస్తే మా ఇంట్లో నలుగురిలో ముగ్గురు మొదటి మార్కు వేసింది దీనికే.

పచ్చ టీ: సలసలకాగే నీళ్ళు పోస్తే కాకరకాయ కషాయమే. 80 డిగ్రీల నీళ్ళతో, రెండు నిమిషాలలో, ఉడికిన పెసల కమ్మదనం వచ్చింది. ఉష్ణమాపకం లేనివారు మూడు పాళ్ళు మరిగిన నీటికి ఒక పాలు చల్లని నీరు కలిపితే సుమారు ఆ వేడి వస్తుంది.

పరిమళాల సంగతి

ఇక వాసన కూర్చిన టీలు. దొరలకు ప్రీతియైన ‘ఎర్ల్ గ్రే’లో బెర్గమాట్ అనే నారింజ జాతి కాయ తొక్కనుండి తీసిన తైలం కలుపుతారు. ఆ కాయలు ముఖ్యంగా ఇటలీ దక్షిణాన కలాబ్రియాలో పండుతాయి. మా అమ్మాయికి అది అమృతం. మా అమ్మగారు మాత్రం ‘ఎవరో తలకు నూనె రాసికొని వచ్చినట్లున్నది’ అని కప్పు ప్రక్కకు నెట్టారు. ఇంట్లో ఓట్లు సమానంగా చీలిన రకం ఇదొక్కటే.

మల్లె టీ కథ వేరు. చీనాలో దీనికి వాడే మల్లె మన బొండుమల్లెయే. మధుర మల్లె అని తమిళదేశమంతటా పేరుపొందినదిన్నీ ఆ జాతిదే. రాత్రి విచ్చే పూలను పచ్చ టీతో కలిపి ఉంచి, తెల్లవారి పూలు ఏరివేస్తారు. మేలురకానికి ఈ పని చాలాసార్లు చేస్తారు. పూవు పోతుంది, వాసన మిగులుతుంది. మా పెరటి తొట్టిలోని మల్లెలతో మేము ప్రయత్నించాము. సాయంకాలం కోసిన మొగ్గలు ఒక వరుస, ఆకు ఒక వరుసగా డబ్బాలో పరచి మూతపెట్టి, ఉదయం పూలు తీసివేసి, పూల తేమ పట్టిన ఆకును సన్నని సెగమీద ఆరబెట్టాము. రెండు రాత్రులకే చక్కని వాసన పట్టింది. అంగటి పూలమీద మందులు చల్లి ఉంటారు గనుక ఇంటి పూలే వాడాలి.

మన ఏలకి, అల్లం, తులసి ఎవరికీ తీసిపోవు. అయితే ఒక మెలకువ ఉన్నది. పచ్చి అల్లంలో పాలను విరిచే గుణం ఉన్నది. అల్లాన్ని మొదట నీళ్ళలో బాగా మరగనిచ్చి, ఆ తరువాత పాలు పోయాలి. ఏలకి మాత్రం దించే ముందు చితకగొట్టి వేయాలి; ఎక్కువ మరిగితే వాసన ఆవిరితో పోతుంది. సువాసన బలంగా ఉన్న టీలో ఆకు నాణ్యం దాగిపోతుందన్నది మూడో ఆదివారం మేము తెలిసికొన్న నీతి. అల్లం వేసిన సీటీసీకీ, అల్లం వేసిన ఖరీదైన ఆకుకూ తేడా మాలో ఒక్కరూ చెప్పలేకపోయారు. మసాలా టీకి మామూలు పొడి చాలును. మంచి ఆకును విడిగానే త్రాగాలి.

నీటి మహిమ

మా ఊరి శిరువాణి నీళ్ళు తియ్యదనానికి పేరుపొందినవి. అదే ఆకును ఒక కప్పులో శిరువాణి నీటితో, మరొక కప్పులో బోరుబావి నీటితో దించి చూచాము. బోరునీటి టీ మందకొడిగా, మట్టిరంగుగా దిగింది. పైన సన్నని తెట్టు కట్టింది. నీటిలో సున్నం హెచ్చుగా ఉంటే జరిగే పని ఇది. ‘ఆకు మంచిది కాదు’ అని అంగడివానిమీద విరుచుకపడే ముందు నీళ్ళు మార్చి చూడడం మంచిది.

ఆరోగ్యానికి సంబంధించిన మాట

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 సంవత్సరాల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నది. ఆకుకూరలు, పప్పులు, రాగులు – శాకాహారంలో ఇనుము దొరికేది వీటివల్లనే. భోజనంతోనో, భోజనం కాగానేనో టీ త్రాగితే అందులోని వగరు పదార్థాలు ఆ ఇనుమును శరీరానికి అందనివ్వవు. పచ్చ టీ అయినా నల్ల టీ అయినా ఈ విషయంలో పెద్ద భేదం లేదు. కాబట్టి భోజనానికీ టీకీ మధ్య కనీసం గంటసేపు ఎడం ఉండాలి. భోజనంలో నిమ్మరసం, ఉసిరికాయ వంటి పులుపు ఉంటే ఇనుము బాగా వంటబడుతుంది. మా ఇంట్లో ఇప్పుడు ఉదయం ఫలహారానికి ముందొకసారి, సాయంకాలం నాలుగు గంటలకొకసారి టీ. మా ఇల్లాలి కప్పులో నీలగిరి ఆకు, పాలు లేకుండా, పలుచగా. డాక్టరుగారి ఇనుపమాత్రలు వేరే జరుగుతున్నవి. వాటిని టీతో మ్రింగకూడదని గూడ ఆయన చెప్పారు. మందు పని మందు చేస్తుంది. దానికి అడ్డుపడకుండా ఉండడం మన పని.

కల్తీ కనిపెట్టడానికి సులభమైన ఉపాయాలున్నవి. తెల్లని వడపోత కాగితంమీద చిటికెడు టీ వేసి నాలుగు నీటిచుక్కలు చల్లి, కొంతసేపటికి ఆకు తీసివేసి కాగితాన్ని కుళాయి క్రింద కడగాలి. మరకలు మిగిలితే రంగు కలిపినట్లు. పొడిని పరచి అయస్కాంతం త్రిప్పితే ఇనుపరజను అంటుకొంటుంది. ఇక దాచే విషయం. ఇంగువ డబ్బా ప్రక్కన, సాంబారు పొడి ప్రక్కన టీ ఉంచితే దానికి ఆ వాసన పడుతుంది. బిగుతైన మూతగల డబ్బా కావాలి. ఎండ, చెమ్మ తగలరాదు.

జమా ఖర్చులు

ఆఫీసులో పద్దులు వ్రాసే చేయి గనుక లెక్క చూడకుండా ఉండలేదు. కప్పుకు 2 గ్రాముల చొప్పున 100 గ్రాముల ఆకు 50 కప్పులు. మంచి ఆర్థొడాక్స్ ఆకు రెండోసారి గూడ దిగుతుంది. కొంచెం పలుచన, అంతే. పాలు, చక్కెర ఖర్చు తప్పుతుంది. పొట్లం ధర చూచి గుండె జారినవారు కప్పు ధర వేసి చూస్తే ధైర్యం తెచ్చుకొంటారు.

మరొక లెక్క గూడ చూడాలి. కిలో టీ కావడానికి నాలుగు కిలోలకు పైగా పచ్చాకు గిల్లాలి. నీలగిరులలో ఎందరో చిన్న రైతులు ఎకరమో, రెండెకరాలో పెంచి పచ్చాకును ఫ్యాక్టరీలకు అమ్ముకొంటారు. వారి కోసం 1965లో సహకార ఫ్యాక్టరీల సమాఖ్య ఏర్పడింది. కూనూరు వేలం 1963లో మొదలయింది. ఇక్కడి టీని హెచ్చుగా కొన్న సోవియట్ యూనియన్ 1991లో విడిపోయింది. ఆ దశకం చివరికి పచ్చాకు ధర పడిపోయి, కొండరైతులు చాలా బాధపడ్డారు. ధర తక్కువైతే రైతు ముదురాకు గూడ కోసి బరువు చూపక తప్పదు. ముదురాకు వస్తే టీ రుచి చెడుతుంది. రుచి చెడితే ధర మరింత పడుతుంది. రెండు ఆకులు, ఒక మొగ్గ మాత్రమే గిల్లేవానికి గిట్టుబాటు కావాలంటే, ఆ తేడా నాలుకతో గుర్తుపట్టి అడిగి కొనేవారు ఉండాలి. అది గృహిణుల చేతిలో ఉన్న పని.

బరంపురంలోనూ, బొంబాయిలోనూ, బెంగుళూరులోనూ, యానాంలోనూ ఉన్న మన సోదరసోదరీమణులు తమ ఊరి నీటితో, తమకు దొరికే ఆకుతో ఇట్లాగే పరీక్షించి చూడవలసిందని కోరుతున్నాము. రెండు రకాల ఆకు యాభై గ్రాముల చొప్పున, నాలుగు తెల్ల కప్పులు, ఒక ఆదివారం సాయంకాలం – ఇంతకంటె పెట్టుబడి అక్కరలేదు. ఫలితాలు పత్రికకు వ్రాసి పంపితే తక్కినవారు గూడ సంతోషిస్తారు. భోజనానికీ టీకీ మధ్య గంట ఎడం మాత్రం మరువవద్దు.